వ్యవస్థ మారింది.. అవస్థ మిగిలింది!

* విండోస్ 10కు ముగిసిన గడువు.. పాత కంప్యూటర్లకు అందని కొత్త రూపం
* మొరాయిస్తున్న వేలిముద్ర యంత్రాలు, ప్రింటర్లు.. చెదిరిపోతున్న తెలుగు అక్షరాలు
* ముందస్తు సన్నాహం లేకుంటే నష్టం సామాన్యుడికే

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: కంప్యూటరు చక్కగానే పనిచేస్తోంది. తెర వెలుగుతోంది, మీటలు పలుకుతున్నాయి, ప్రింటరు అచ్చు వేస్తోంది. అయినా దానికి కాలం చెల్లిందంటున్నారు. సరేనని కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయిస్తే నిన్నటిదాకా వేలిముద్ర తీసుకున్న యంత్రం ఇవాళ మొరాయిస్తుంది. పదిహేనేళ్లుగా పెళ్లి పత్రికలు కూర్చిన ఖతులు కనిపించకుండా పోతాయి. ఏ అక్షరం ఎక్కడికి పోయిందో, ఏ ఫైలు ఏ మూల దాగిందో తెలియక నిర్వాహకుడు తల పట్టుకుంటాడు. ఉమ్మడి పాలమూరు నుంచి విడివడిన ఈ మూడు జిల్లాల్లో మీసేవా కేంద్రాలు మొదలుకొని డీటీపీ దుకాణాలు, జిరాక్స్ సెంటర్లు, చిన్న బడుల వరకు కంప్యూటరుపైనే ఆధారపడిన ప్రతిచోటా ఎదురయ్యే చిక్కు ఇది. చూడటానికి సాంకేతిక వ్యవహారంలా కనిపించినా దీని భారం చివరకు పడేది ధ్రువపత్రం కోసం వరుసలో నిలబడిన విద్యార్థిపైన, పని మానుకొని వచ్చిన కూలీపైన కావడం గమనార్హం.

అసలు ఏం జరిగింది?

అమెరికాకు చెందిన మైక్రోసాఫ్ట్ సంస్థ 2015 జులై 29న విండోస్ 10ను విడుదల చేసింది. ఇదే చివరి విండోస్ అని, ఇకపై దానికే మెరుగులు దిద్దుతారని ఆ సంస్థ ఉద్యోగి ఒకరు అదే ఏడాది ఒక సదస్సులో చెప్పిన మాట అప్పట్లో బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆ మాట నిలవలేదు. 2021 అక్టోబరు 5న విండోస్ 11 వచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది.

మద్దతు ముగియడమంటే కంప్యూటర్లు ఆగిపోవడం కాదు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో బయటపడే లోపాలను సరిదిద్దుతూ సంస్థ నెలనెలా పంపే భద్రతా సవరణలు ఆగిపోవడం. కాలువ గట్టుకు బుంగ పడిన వెంటనే గమనించి పూడ్చే లస్కరు ఉంటే పొలాలకు భయం ఉండదు. లస్కరును తీసేసినా ఆ రోజే గట్టు తెగదు. నీరు పారుతూనే ఉంటుంది. అయితే ఎప్పుడో ఒకనాడు పడిన చిన్న బుంగే గండిగా మారుతుంది. విండోస్ 10 యంత్రాల పరిస్థితి ఇప్పుడు సరిగ్గా అదే.

జిల్లా వయసు.. యంత్రం వయసు

కొత్త రూపానికి మారదామంటే అన్ని యంత్రాలూ పనికిరావు. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం ఉండాలి. వీటితోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా విభాగం, సెక్యూర్ బూట్ సదుపాయం కావాలి. అన్నిటికీ మించి ప్రాసెసర్ సంస్థ ప్రకటించిన జాబితాలో ఉండాలి. ఒకటి రెండు మినహాయింపులను పక్కన పెడితే ఇంటెల్ తయారీలో ఎనిమిదో తరం, ఆ తర్వాతివే ఆ జాబితాలో ఉన్నాయి. ఈ ఎనిమిదో తరం మార్కెట్‌లోకి వచ్చింది 2017 ద్వితీయార్ధంలో.

ఇక్కడే ఈ ప్రాంత ప్రజలు గమనించాల్సిన విషయం ఒకటుంది. జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడింది 2016 అక్టోబరు 11న. అంటే కొత్త జిల్లాలు ఏర్పడ్డాయన్న ఆశతో ఆనాడు అప్పో సప్పో చేసి కంప్యూటరు కొని సేవా కేంద్రమో, డీటీపీ దుకాణమో తెరిచిన యువకుడి యంత్రం ఎంత ఖరీదైనదైనా దాదాపుగా ఈ జాబితాకు వెలుపలే ఉంటుంది. జిల్లాకు పదేళ్లు వచ్చేసరికి జిల్లాతోపాటు పుట్టిన యంత్రం అనర్హమైపోయింది. దానికి రోగమేమీ లేదు, వయసు మాత్రమే అడ్డు.

కొందరు మెకానిక్కులు అర్హత పరీక్షను తప్పించి అలాంటి యంత్రాల్లోనూ విండోస్ 11 వేస్తున్నారు. పని జరిగినట్టే ఉంటుంది. కానీ అర్హత లేని యంత్రాలకు సవరణలు అందుతాయన్న భరోసా ఉండదని సంస్థ ముందే చెప్పింది. 2024లో వచ్చిన 24హెచ్2 రూపమైతే మరీ పాత ప్రాసెసర్లలో అసలు మొదలే కావడం లేదు. భద్రత కోసం మారి, ఆ భద్రతే అందని స్థితికి చేరడం ఇందులోని విడ్డూరం.

ప్రతి మార్పుకూ ఇదే వరస

ఈ తిప్పలు కొత్తవి కావు. 2001 అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడు తెలుగు చదవాలంటే రీజనల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి సంక్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు పెట్టి, మళ్లీ సీడీ వేయాల్సి వచ్చేది. ఆ సీడీ దొరకని చోట తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ గడులే కనిపించేవి. 2007 జనవరిలో విస్టా వచ్చాక అప్పటి ప్రింటర్లు, స్కానర్లు చాలావరకు దానితో పొసగలేదు. దేశవిదేశాల్లో ఎందరో విస్టాను తీసేయించి తిరిగి ఎక్స్‌పీనే వేయించుకున్నారు. 2009 అక్టోబరులో వచ్చిన విండోస్ 7 ఆ కష్టాలను కొంత తీర్చింది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న మద్దతు ముగిసింది. ప్రతిసారీ యంత్రాలు కొన్నవారే ఖర్చు భరించారు, కష్టమూ పడ్డారు.

అయితే అప్పటికీ ఇప్పటికీ ఒక పెద్ద తేడా ఉంది. ఎక్స్‌పీ నాటికి పల్లెల్లో కంప్యూటరు ఒక వింత. అది చెడితే మరో పూట చూసుకునేవారు. 2011 నవంబరులో మీసేవ మొదలైంది. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి ప్రారంభమైంది. కుల, ఆదాయ ధ్రువపత్రాల నుంచి భూమి రిజిస్ట్రేషన్ స్లాటు వరకు అన్నీ కంప్యూటరు తెరపైకే చేరాయి. వెనకటి రోజుల్లో చేతిరాత పహాణీ, రబ్బరు ముద్ర మరో దారిగా ఉండేవి. ఇప్పుడు ఆ దారులు మూసుకుపోయాయి. తెర ఆగితే పని ఆగినట్టే.

దుబాసీ లేని సంభాషణ

ఆపరేటింగ్ సిస్టమ్ మార్చాక వచ్చే ఇబ్బందుల్లో అధికభాగం డ్రైవర్లవే. డ్రైవర్ అంటే ప్రింటరుకూ కంప్యూటరుకూ మధ్య దుబాసీ వంటి చిన్న సాఫ్ట్‌వేర్. కంప్యూటరు మాట ప్రింటరుకు, ప్రింటరు మాట కంప్యూటరుకు అదే చేరవేస్తుంది. కొత్త వ్యవస్థ కొత్త భాష మాట్లాడుతుంటే పాత దుబాసీకి అది అర్థం కాదు. కొత్త దుబాసీని ఆ ప్రింటరు తయారుచేసిన సంస్థే పంపాలి. పదేళ్ల కిందట అమ్మిన యంత్రానికి కొత్త డ్రైవర్ రాయడం ఆ సంస్థకు లాభసాటి కాదు. దాంతో నిక్షేపంగా పనిచేసే ప్రింటరు మూలన పడుతోంది.

విండోస్ 10 వరకు 32 బిట్, 64 బిట్ అని రెండు రకాలు ఉండేవి. విండోస్ 11లో 64 బిట్ ఒక్కటే ఉంది. తక్కువ ర్యామ్ ఉన్న పాత యంత్రాల్లో చాలావాటికి 32 బిట్ రకమే వేశారు. వాటిని ఉన్నవి ఉన్నట్టుగా కొత్త రూపానికి మార్చడం కుదరదు. అంతా తుడిచి మొదటి నుంచి వేయాల్సిందే. 32 బిట్ డ్రైవర్లు 64 బిట్ వ్యవస్థలో పనిచేయవు. పైగా కొత్త రూపంలోని మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ పాత డ్రైవర్లను అనుమానించి అడ్డుకుంటుంది. వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకాల టోకెన్లు, సాఫ్ట్‌వేర్ తాళంగా వాడే డాంగిళ్లు మొరాయించడానికి ముఖ్య కారణాలు ఇవే.

కార్యాలయాల్లో మరో తంటా ఉంది. ఒకే ప్రింటరును, ఒకే ఫోల్డరును ముగ్గురు నలుగురు పంచుకోవడం మన దగ్గర మామూలే. 24హెచ్2 రూపంలోని ప్రో రకంలో పాస్‌వర్డ్ లేకుండా పంచుకునే పాత పద్ధతిని మూసివేశారు. సంతకం లేని అనుసంధానాలను అంగీకరించడం మానేశారు. భద్రతరీత్యా ఇది సమంజసమే. కానీ ఆ సంగతి తెలియని గుమాస్తాకు కనిపించేది ఒక్కటే. నిన్న వచ్చిన ప్రింటు ఇవాళ రావడం లేదు! ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌నే నమ్ముకున్న పాత వెబ్‌సైట్లదీ ఇదే బాధ. 2022 జూన్ 15న దానికి మద్దతు ముగిసింది. ఎడ్జ్ బ్రౌజర్‌లోని ఐఈ మోడ్‌తో అలాంటి సైట్లను తెరవవచ్చని చాలామందికి తెలియదు.

తెలుగు అక్షరానికి గండం

ప్రింటరు పోతే మరొకటి కొనుక్కోవచ్చు. కొనలేనిది ఒకటుంది. అది పాత కంప్యూటర్లలో కూర్చిన తెలుగు.

1990, 2000 దశకాల్లో తెలుగు డీటీపీ అంటే పేజ్‌మేకర్, దానికి తోడు అను, శ్రీలిపి, ఐలీప్ వంటి ఖతులు. వీటిలో కంప్యూటరుకు తెలుగు తెలియదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టి మన కంటికి తెలుగుగా చూపించేవారు. ఆ ఖతి ఉన్నంతసేపు అది తెలుగు. ఖతి లేకపోతే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తుల పోగు. పైగా ఒక సంస్థ ఖతిలో ఉన్న వరస మరో సంస్థ ఖతిలో ఉండదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత దానికి కొత్త రూపం రాలేదు. యూనికోడ్ దానికి అర్థం కాదు. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లో అది తెరుచుకుంటుందో లేదో, తెరుచుకున్నా తెలుగు మీటల సాఫ్ట్‌వేర్ దానితో పొసగుతుందో లేదో ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఆ ఫైళ్లలో ఏముంటాయి? ఒక ఊరి జాతర కరపత్రం, ఒక బడి పాత ప్రశ్నపత్రాలు, సంఘాల తీర్మానాలు, ఒప్పంద పత్రాల నమూనాలు, స్థానిక కవుల చిన్న చిన్న సంపుటాలు, స్థల పురాణాలు. వీటిలో చాలావాటికి కాగితం ప్రతులు కూడా మిగిలి ఉండవు. డీటీపీ కేంద్రం కంప్యూటరులోనే ఉన్నాయిలే అన్న ధీమాతో ఎవరూ దాచరు. ఆ కంప్యూటరును తుడిచి కొత్త వ్యవస్థ వేసిన రోజున అవి పోయినట్టే. పొరపాటున మిగిలినా చదవడానికి పనికిరావు.

ఈ నేలకు ఇది మరింత బాధ కలిగించే విషయం. నేటి గద్వాల జిల్లాలోని ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను స్థాపించారు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. తొమ్మిది దశాబ్దాలు గడిచినా ఆ కాగితం చదువుకోవచ్చు. అదే గడ్డపై 20 ఏళ్ల కిందట కంప్యూటరులో కూర్చిన ఒక కవితల పుస్తకం ఫైలు నేడు తెరుచుకోవడమే కష్టం. సాంకేతికత ముందుకు పోయింది, అక్షరం వెనకబడింది.

దీనికి మందు యూనికోడ్. ప్రతి తెలుగు అక్షరానికి ప్రపంచమంతటా చెల్లే ఒక సంఖ్యను యూనికోడ్ 1991లోనే కేటాయించింది. ఎక్స్‌పీలోని గౌతమి మొదలుకొని ఇప్పటి విండోస్‌లోని నిర్మలా వరకు తెలుగు ఖతులు ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే వస్తున్నాయి. మండలి, రామభద్ర వంటి అందమైన ఖతులు ఉచితంగా దొరుకుతున్నాయి. యూనికోడ్‌లో రాసింది ఏ యంత్రంలోనైనా, ఏ ఫోనులోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. పాత ఖతుల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలూ ఉన్నాయి. మార్చాక వత్తులు, గుణింతాల్లో కొన్ని తప్పులు దొర్లుతాయి కనుక ఒకసారి దిద్దుకోవాలి. అయితే ఈ పని పాత యంత్రం బతికుండగానే చేయాలి. చాలామంది వ్యవస్థ మార్చాక ఖతుల గురించి ఆలోచిస్తున్నారు. జరగాల్సింది దానికి తలకిందులుగా.

తెలియని తాళం

కొత్త రూపంలో మరో ప్రమాదం పొంచి ఉంది. 24హెచ్2 నుంచి విండోస్ 11ను కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశిస్తే, తగిన సదుపాయాలున్న కంప్యూటర్లలో డిస్కు దానంతటదే గుప్తీకరణకు లోనవుతుంది. అంటే లోపలి సమాచారానికి తాళం పడుతుంది. దొంగతనం జరిగినా సమాచారం పరుల పాలు కాకుండా ఉండేందుకు చేసిన మంచి ఏర్పాటే ఇది. దీని తాళపుచెవి 48 అంకెల సంఖ్య. అది యజమాని ఖాతాలో భద్రమవుతుంది. మామూలు రోజుల్లో ఎవరికీ దాని అవసరం రాదు. మదర్‌బోర్డు మార్చినా, కొన్ని సెట్టింగులు మారినా కంప్యూటరు ఆ సంఖ్యను అడుగుతుంది. చెప్పలేకపోతే డిస్కులోనిది ఇక దక్కదు.

మన ఊళ్లలో కంప్యూటరుకు సిస్టమ్ వేసేది మెకానిక్కు. యజమానికి ఈమెయిలు లేదనో, పాస్‌వర్డు గుర్తులేదనో ఆయన తన ఈమెయిలుతోనే పని కానిచ్చేస్తే తాళపుచెవి ఆయన ఖాతాకు చేరుతుంది. రెండేళ్ల తర్వాత తాళం పడినప్పుడు ఆ మెకానిక్కు ఊళ్లో ఉంటాడో, హైదరాబాద్ వెళ్లిపోయి ఉంటాడో ఎవరికి తెలుసు?

ఫైళ్లు మాయమయ్యాయన్న గగ్గోలుకు మరో కారణం వన్‌డ్రైవ్. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను ఇది ఇంటర్నెట్‌లోని నిల్వకు ముడిపెడుతుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ మాత్రమే. అది నిండగానే డబ్బు చెల్లించమన్న సందేశాలు మొదలవుతాయి. ఫోను నెట్‌తో నెట్టుకొచ్చే పల్లె కేంద్రాల్లో డేటా ఖర్చు దీనికి అదనం. అవసరం లేనివారు సెట్టింగుల్లో దీన్ని ఆపుకోవచ్చు. ఫైళ్లు తిరిగి కంప్యూటరులోకి చేరాయని సరిచూసుకున్నాకే ఆ పని చేయాలి.

ఉన్న వ్యవస్థపైనే విండోస్ 11కు మారినవారికి వెనక్కి వచ్చే వీలుంది. సెట్టింగుల్లోని రికవరీలో ఆ మీట ఉంటుంది. గడువు మాత్రం మామూలుగా 10 రోజులే. పండుగ రోజుల్లో సిస్టమ్ మార్చి, పది రోజులు దాటాక వేలిముద్ర యంత్రం పనిచేయడం లేదని గుర్తిస్తే వెనకదారి మూసుకుపోయి ఉంటుంది. మొత్తం తుడిచి కొత్తగా వేయించుకున్న వారికి ఆ పది రోజులు కూడా లేవు.

మార్చకపోతే ఏమవుతుంది?

ఇన్ని తిప్పలెందుకు, ఉన్నదాన్నే వాడుకుందామన్న ఆలోచన సహజం. దానికీ ఒక వెల ఉంది. 2017 మే 12న వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రాం ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు డిమాండ్ చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే సవరణను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. సవరణ వేసుకోనివారు, సవరణలు అందని పాత వ్యవస్థలు వాడేవారు నష్టపోయారు. ఆధార్ సంఖ్యలు, బ్యాంకు వివరాలు నిత్యం చేతులు మారే సేవా కేంద్రాల్లో ఇలాంటి ముప్పును తేలిగ్గా తీసుకోరాదు.

సవరణ వేసుకుంటేనే క్షేమమని గుడ్డిగా నమ్మడానికీ లేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పుడు సవరణతో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అంత పెద్ద విమానాశ్రయం ఆనాడు గట్టెక్కింది కాగితం, కలంతోనే. మార్పు తప్పదు, మార్పును నమ్మి చేతులు కట్టుకు కూర్చోవడమూ తగదు. ఈ రెండింటి నడుమ ఉన్నదే ముందస్తు సన్నాహం.

భారం ఎవరి నెత్తిన?

ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసిన సంస్థ తన గడువును ఏళ్ల ముందే ప్రకటించింది. వేలిముద్ర యంత్రాలు, టోకెన్లు అమ్మినవారు కొత్త రకాలను మార్కెట్‌లోకి తెచ్చారు. వెబ్‌సైట్లు నడిపే విభాగాలు తమ పని తాము చేసుకుపోతున్నాయి. ఎవరికి వారు సక్రమంగానే ఉన్నట్టు కనిపిస్తారు. వీరందరి మార్పులూ ఒకచోట కలిసేది మాత్రం పల్లెలోని ఒక చిన్న గదిలో, ఒక్క బల్లపై. అక్కడ కూర్చున్న నిర్వాహకుడు ఇంజినీరు కాడు. దరఖాస్తుకు ఇంతని వచ్చే కమీషన్‌తో బతికే చిరుద్యోగి వంటివాడు. యంత్రం ఒక రోజు ఆగితే ఆ రోజు రాబడి పోతుంది. కొత్త యంత్రం కొనాలంటే అప్పు చేయాలి.

అతడి కంటే ఎక్కువగా నష్టపోయేది అతడి ఎదుట నిలబడినవారు. అమ్రాబాద్, పదర వంటి నల్లమల మండలాల నుంచో, గట్టు, అయిజ వైపు నుంచో వచ్చిన మనిషికి డ్రైవర్ దొరకలేదన్న జవాబు అర్థం కాదు. రేపు రమ్మంటే మరో రోజు కూలి పోతుంది, మరోసారి బస్సు చార్జీ పెట్టుకోవాలి. జూన్, జులై నెలల్లో ప్రవేశాల సమయాన ఆదాయ ధ్రువపత్రానికి చివరి తేదీ దాటితే ఒక విద్యార్థికి సీటో, ఉపకార వేతనమో చేజారుతుంది. ఎక్కడో అమెరికాలో నిర్ణయమైన ఒక గడువు ఇక్కడ ఒక పిల్లవాడి చదువుకు గడువుగా మారడం మామూలు విషయం కాదు.

పర్యావరణం మాటా మరవరాదు. విండోస్ 10 గడువు కారణంగా ప్రపంచంలో సుమారు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకు చేరవచ్చని కెనాలిస్ అనే పరిశీలన సంస్థ 2023లో అంచనా వేసింది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలపై 2022 నాటి నిబంధనలు మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. చిన్న పట్టణాల్లో మాత్రం పాత కంప్యూటరు పాత ఇనుప సామాను వారి తక్కెడకే చేరుతోంది.

గద్వాల నేత కార్మికుడు ఈ విషయంలో మంచి పాఠం చెబుతాడు. చీర అంచుకు కొత్త డిజైన్ కావాలంటే జకార్డు అట్టలు మారుస్తాడు. అట్టలు మారాయని మగ్గాన్ని పారేయడు. కొత్త అట్టలు ఎక్కించే ముందు పాత చీర నేత పూర్తి చేస్తాడు. కంప్యూటరు విషయంలోనూ పాటించాల్సిన క్రమం అదే.

దారులున్నాయి

మొదటిది, తొందరపడకుండా యంత్రాన్ని పరీక్షించుకోవడం. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్‌తో యంత్రం అర్హమైనదో కాదో తెలుస్తుంది. టీపీఎం లేదని చూపినంత మాత్రాన నిరాశ పడనక్కర్లేదు. 2018 తర్వాత కొన్న చాలా యంత్రాల్లో అది ఉంటుంది, బయోస్‌లో ఆపి ఉంటుంది అంతే. అక్కడ దాన్ని పనిచేయిస్తే సరిపోతుంది. ఈ చిన్న సంగతి తెలియక కొత్త కంప్యూటరు కొన్నవారు నష్టపోయినట్టే.

రెండోది, అర్హత లేని యంత్రాలకు గడువు పొడిగింపు. ఇళ్లలో వాడే విండోస్ 10 యంత్రాలకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు పొందే వీలును 2025లో సంస్థ ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించి సెట్టింగులను ఆన్‌లైన్‌లో భద్రపరచుకుంటే ఇది ఉచితం. లేదంటే 30 డాలర్లు, అంటే రెండున్నర వేల రూపాయల పైమాటే చెల్లించాలి. సంస్థలకు వేరే రుసుము ఉంది. అది మొదటి ఏడాది యంత్రానికి 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపవుతుంది. ఇది శాశ్వత పరిష్కారం కాదు, ఊపిరి పీల్చుకునేందుకు కొంత వ్యవధి మాత్రమే.

మూడోది, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. లినక్స్ ఆధారిత వ్యవస్థలు పాత యంత్రాల్లోనూ చురుగ్గా నడుస్తాయి, లైసెన్సు రుసుము లేదు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో 2000 దశకం నుంచే ఇవి నడుస్తున్నాయి. సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ ఉంది. తెలుగులో స్వేచ్ఛ ఉద్యమకారులు ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌నే తెచ్చారు. వేలిముద్ర యంత్రాలు, సంతకాల టోకెన్లు వాడే కేంద్రాలకు ఇది ఇప్పుడే పూర్తిగా సరిపోకపోవచ్చు. బడులు, గ్రంథాలయాలు, టైపింగ్, ఇంటర్నెట్ అవసరాలకు మాత్రం భేషుగ్గా సరిపోతుంది. పాత కంప్యూటర్లను తక్కెడకు వేయకుండా పిల్లల ముందు ఉంచవచ్చు.

మారక తప్పని వారు కొన్ని జాగ్రత్తలు పాటిస్తే నష్టం తగ్గుతుంది. ముందు ఫైళ్లన్నీ వేరే హార్డ్‌డిస్కులోకి ఎక్కించాలి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ సాధారణంగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయని, తుడిస్తే అవీ పోతాయని గుర్తుంచుకోవాలి. పాత తెలుగు ఫైళ్లను పీడీఎఫ్‌గా ఒకటి, యూనికోడ్‌గా ఒకటి దాచుకోవాలి. వేలిముద్ర యంత్రం, ప్రింటరు, టోకెన్లకు కొత్త డ్రైవర్లు ఉన్నాయో లేవో తయారీదారుల సైట్లలో ముందే చూసుకోవాలి. ఖాతాను సొంత ఈమెయిలుతోనే తెరిపించి, 48 అంకెల సంఖ్యను కాగితంపై రాసి బీరువాలో పెట్టుకోవాలి. మారిన మొదటి వారంలోనే ప్రతి యంత్రాన్నీ ఒకసారి వాడి చూడాలి. రెండు కంప్యూటర్లున్న కేంద్రాలు ఒకదాన్ని మార్చి, అది కుదుటపడ్డాకే రెండోదాని జోలికి వెళ్లాలి. క్రాక్ చేసిన నకిలీ విండోస్‌కు దూరంగా ఉండాలి.

కాలం ఎంచుకోవడంలోనూ మెలకువ అవసరం. పెళ్లి పత్రికల దుకాణాలకు ఆషాఢం, మూఢాలు అనువైన రోజులు. సేవా కేంద్రాలకు అదే ఆషాఢం ప్రవేశాల రద్దీ కాలం కనుక ఆ సమయంలో సిస్టమ్ మార్చడం కొరివితో తల గోక్కోవడమే.

యంత్రాంగం ఏం చేయాలి?

వ్యక్తుల జాగ్రత్తతోనే అంతా తీరదు. ఏ వేలిముద్ర యంత్రం, ఏ టోకెను, ఏ బ్రౌజర్ తమ సేవలకు సరిపోతాయో సంబంధిత విభాగాలు తెలుగులో ఒక పట్టిక విడుదల చేస్తే నిర్వాహకులు గుడ్డిగా కొని నష్టపోరు. మూడు జిల్లా కేంద్రాల్లో ఒక్కో సహాయ కేంద్రం ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. వనపర్తి రాజుల ప్యాలెస్‌లో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. గద్వాల, నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ కళాశాలలు ఉన్నాయి. కంప్యూటర్ విద్యార్థులకు వారం రోజులు శిక్షణ ఇచ్చి మండలానికి ఇద్దరిని పంపితే యంత్రాల పరీక్ష, ఫైళ్ల భద్రత, యూనికోడ్ మార్పిడి సులువుగా సాగుతాయి. విద్యార్థులకు అనుభవం, నిర్వాహకులకు ఊరట రెండూ దక్కుతాయి. స్థానిక చరిత్ర, సాహిత్యానికి సంబంధించిన పాత డీటీపీ ఫైళ్లను సేకరించి భద్రపరిచే పనిని గ్రంథాలయాలు తలకెత్తుకోవచ్చు.

యంత్రం ఆగిన రోజున ప్రజల పని ఆగకుండా చూసే ఏర్పాటు కూడా ఉండాలి. సాంకేతిక కారణంతో దరఖాస్తు ఆలస్యమైతే ఆ సంగతిని నమోదు చేసి, చివరి తేదీ విషయంలో దరఖాస్తుదారుకు వెసులుబాటు ఇవ్వాలి. అంత పెద్ద విమానాశ్రయంలో చేతిరాత కాగితం చెల్లినప్పుడు మండల కేంద్రంలో ఒక రోజు చేతిరాత రసీదు చెల్లకపోవడానికి కారణం కనిపించదు.

విండోస్ 11కూ ఏదో ఒకనాడు గడువు ముగుస్తుంది. అప్పటికీ ఈ తతంగమే పునరావృతమైతే తప్పు యంత్రాలది కాదు. ఎప్పుడు మారాలో కంపెనీ చెబుతుంది. ఎలా మారాలో, మారేటప్పుడు ఎవరినీ నష్టపోనీయకుండా ఎలా చూడాలో ఇక్కడే తేల్చుకోవాలి. ఆ దిశగా మూడు జిల్లాల అధికారులు ఇప్పుడే అడుగు వేస్తే వచ్చే జూన్‌లో ధ్రువపత్రాల కోసం వరుసలో నిలబడే విద్యార్థికి రేపు రా అన్న జవాబు తప్పుతుంది.